ఇనుము తగిలిన కొమ్మ

హిందూపురం స్టేషను గోడ గడియారంలో పన్నెండుకు పది నిమిషాలు తక్కువ. హనుమక్కను కోర్టుకు తీసుకుపోయే జీపు మూడింటికి బయల్దేరుతుంది. అంటే మారెప్పకు మిగిలింది మూడు గంటల పది నిమిషాలు. ముప్పై నాలుగేళ్ళు ఖాకీ తొడిగినవాడికి ఆ లెక్క ఒకరు చెప్పనక్కర్లేదు. అయితే ఇప్పుడు ఒంటి మీద ఖాకీ లేదు. హెడ్ కానిస్టేబులుగా రిటైరై పెనుకొండలో రెండేళ్ళుగా ఊరికే కూర్చున్నాడు. స్టేషనులో బెంచీ మీద కూర్చోమన్నవాడు లేడు, లెమ్మన్నవాడూ లేడు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ సురేంద్ర ఫైలు మూసి బల్ల మీద పడేశాడు. పన్నెండేళ్ళ కిందట ఈయన కొత్త ఎస్సైగా వచ్చినప్పుడు పంచనామా రాయడం నేర్పింది మారెప్పే. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది. ఇద్దరికీ అదే ఇబ్బంది.

"మీరు పెద్దవారు కాబట్టి ఫైలు చూపించాను హెడ్డుగారూ. ఇంకొకరైతే గేటు దగ్గరే ఆపేవాణ్ణి. ఇందులో తేల్చాల్సింది ఏమీ లేదు."

ఫైలులో ఉన్నది ఇదీ. హిందూపురంలో ఏసుదాసు బేకరీ పూలబన్నులకు పేరు పడింది. ఉగాదికి వేపపువ్వు, శ్రావణంలో తుమ్మిపువ్వు, దసరా రోజుల్లో తంగేడు పువ్వు. పాతకాలంలో కొండ పక్క పల్లెల్లో ఆడవాళ్ళు ఏ కాలపు పువ్వును ఆ కాలంలో కొర్రరొట్టెలో కలిపి కాల్చేవాళ్ళు. పెనుకొండ కొండ కింద ఉండే హనుమక్క ఆ పద్ధతి చెబితే, ఏసుదాసు దాన్ని మైదా బన్నులోకి దించాడు. పువ్వు కోసి తెచ్చేది ఆమె, బట్టీలో కాల్చేది అతను. ధర్మవరం నుంచీ మడకశిర నుంచీ కూడా జనం వచ్చి కొనుక్కుపోతారు. నిన్న మంగళవారం ఏడింటికి అమ్మకం మొదలైంది. తొమ్మిదింబావుకు మొదటి మనిషికి వాంతులు. పదింటికల్లా తొమ్మిదిమంది ఆసుపత్రిలో చేరారు. మధ్యాహ్నం పన్నెండుకు రిటైరైన పోస్టుమాస్టరు రామాంజనేయులు చనిపోయాడు. పచ్చగన్నేరు విషమని డాక్టరు రాసిచ్చాడు. పదకొండింటికి బేకరీలో మేకుకు వేలాడుతున్న పూలసంచి పట్టుకుంటే, తంగేడు పూలలో గన్నేరు రెక్కలు కలిసి ఉన్నాయి. కళ్ళు మసకబారి తానే కోశానని హనుమక్క వేలిముద్ర వేసింది.

"కండ్లు మసకబారి పొరబాటున కోసిందంట గదా సార్. పొరబాటుకు ఇంత పెద్ద కేసా?"

సురేంద్ర నవ్వాడు. "యాభై ఏళ్ళు ఆకులూ పూలూ కోసిన మనిషి గన్నేరును గుర్తుపట్టలేదా? చేతికి తగిలితేనే తెలిసిపోతుంది. మసక అన్నది సాకు. కావాలని కలిపింది. ఎవరి మీద కోపమో నేను కక్కిస్తాను."

తెలివైన మాటే. ఆమె పనితనమే ఆమె మెడకు చుట్టుకుంటోంది. మారెప్ప సీలు వేయబోతున్న ప్లాస్టిక్ కవరు చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు. తంగేడు పూలు మూడు రోజులు నీడన ఎండినవి, కవరు కదిలిస్తే గలగలమంటున్నాయి. గన్నేరు రెక్కలు వాడి మెత్తబడ్డాయి గానీ ఎండలేదు.

"రెండూ ఒకనాడు కోసినవి కావు సార్. గన్నేరు నిన్న కోసింది. సంచి బేకరీకి వచ్చింది శనివారం."

"సంచి నిన్న కూడా ఆమె చేతికి అందేచోటే ఉంది. కవరు ఇట్లా ఇవ్వండి."

 మారెప్ప కవరు ఇచ్చేసి లాకప్ వైపు నడిచాడు. వెనక నుంచి సురేంద్ర "పది నిమిషాలే" అన్నాడు, కుర్రకానిస్టేబులుతో అన్నట్టు.

హనుమక్క చీకటి మూలన గోడకు ఆనుకుని కూర్చునుంది. చుట్టం ఇంటికొచ్చినట్టు పలకరించింది.

"ఏమన్నా, అన్నం తినొచ్చినావా?"

"తినొచ్చినాలే. నిన్న ఎన్నింటికి పోయినావు బేకరీకి?"

"నాలుగున్నరకు. మొన్న సాయంత్రమే మా పాప భవాని ఇంటికొచ్చి పండుకొన్యా."

"బన్నుల మీద పూసే పాకం ఎవరు కలిపినారు?"

"నేనే." ప్రశ్న పూర్తికాక ముందే జవాబు వచ్చింది.

"నువ్వు తిన్లేదా బన్ను?"

"తింటి. కోసిన చెయ్యి ముందు తినాల గదన్నా. మా అవ్వ కాలం నుంచీ అంతే. కోసిన మనిషి తినకుండా ఊరికి పెట్టకూడదు."

"మరి నీకేం కాలేదే?"

ఆమె ఊచల వైపు చూసింది. "నా ఆయుస్సు గట్టిది."

"హనుమక్కా, నిన్నెవరన్నా బెదిరించినారా? నాతో చెప్పు. నాకిప్పుడు అధికారం లేకపోవచ్చు గానీ నోరుండాది."

"నన్నెవరు బెదిరిస్తారు? చేసినా, ఒప్పుకొన్యా. నువ్వీ ఎండలో తిరగాకన్నా, ఇంటికి పో. పోతా పోతా భవానికి ఒక మాట చెప్పు. ఈడికి రావద్దను. బస్సుల్లో తిరగొద్దను." మళ్ళీ అంది. "నీ చొక్కా రెండో గుండీ దారం తెగి ఏలాడ్తాండాది. యాడన్నా పడిపోతాది, చూసుకో."

మారెప్ప బయట మెట్ల మీదికి వచ్చాక చొక్కా చూసుకున్నాడు. రెండో గుండీ ఒక్క దారపు పోగు మీద వేలాడుతోంది. ఆ చీకటి గదిలో, అంత దూరం నుంచి, తెల్లచొక్కా మీది తెల్లగుండీకి తెగిన దారం చూసింది ఆ మనిషి. కళ్ళు మసకట. అబద్ధం చెప్పడం చేతకాని ఆడది జైలుకు పోవడానికి అబద్ధం చెబుతోంది, ఎందుకు? మారెప్పకు కోపం వచ్చింది, జాలీ వేసింది. ఎవరో గట్టిగా భయపెట్టి ఉంటారనుకున్నాడు.

పొద్దున భవాని కూడా అదే అంది. హనుమక్క ఒక్కగానొక్క కూతురు, హిందూపురంలో ఎస్టీడీ బూతు నడుపుతుంది. చిన్నప్పటి నుంచీ హాస్టళ్ళలో చదివిన పిల్ల. రెండుసార్లు కడుపు పోయి, మూడోసారి నిలిచి, ఇప్పుడు ఏడో నెల. ఆ కడుపుతో మొదటి బస్సు పట్టుకుని పెనుకొండకు వచ్చి మారెప్ప గడపలో కూర్చుంది. "మా అమ్మను ఎవరో ఇరికించినారు మామా. వాళ్ళెవరో నువ్వే కనుక్కోవల్ల. వాళ్ళను వదలొద్దు" అని ఏడ్చింది. మారెప్ప సరేనన్నాడు.

పన్నెండూ నలభైకి బేకరీ చేరాడు. ముందు తలుపుకు సీలు. ఏసుదాసు పక్కసందులో పిండి బస్తా మీద కూర్చుని ఉన్నాడు. నిన్నటి నుంచి మనిషి తిన్నట్టు లేడు.

"ఏసుదాసూ, పూలబన్ను ఎట్లా చేస్తావో మొదట్నుంచీ చెప్పు. తొందరేం లేదు" అన్నాడు మారెప్ప, తొందరంతా లోపల అణచుకుని.

"తెల్లార్జామున మూడింటికి పిండి కలుపుతాం. ఎండిన పువ్వు నలిపి పిండిలోనే ఏస్తాం. అయిదున్నరకు మొదటి ట్రే బయటికొస్తాది. ఆ ట్రేలో ఒక బన్ను తీసి బట్టీ మీద గూట్లో పెడ్తాం. మిగతావాటి మీద బెల్లం పాకం పూస్తాం."

"గూట్లో ఎందుకు?"

"అది కోసిన మనిషిది. హనుమక్క తిని బాగుండాదంటేనే అమ్మకం. దానికి పాకం పుయ్యం. తీపి తగిల్తే పువ్వు రుచి తెలీదంటాదామె. నేను చర్చికి పోయేవాన్నైనా నాలుగేండ్లుగా అట్లనే పెడ్తాండా. ఆమె మాట కాదనలేను."

మారెప్ప నిటారుగా కూర్చున్నాడు. పిండిలో కలిసిన పువ్వు తిన్న మనిషికి ఏమీ కాలేదు. పాకం పూసినవి తిన్న తొమ్మిదిమందీ పడిపోయారు. అంటే విషం పువ్వులో లేదు, పాకంలో ఉంది.

"నిన్న గూట్లో బన్ను ఆమె ఎన్నింటికి తినింది?"

"బస్సు దిగి నేరుగా వచ్చింది. ఆరూ నలభై అయ్యుంటాది" అని ఏసుదాసు నాలుక కరుచుకున్నాడు.

"బస్సు దిగిందా? నాలుగున్నరకే వచ్చినానని ఆమె చెప్పిందే. పాకం కూడా తనే కలిపినానంది."

ఏసుదాసు బస్తా గుడ్డ గోటితో గీకుతూ తల వంచుకున్నాడు. "నాకు గుర్తులేదన్నా. పొగలో ఎవరొచ్చినారో, ఎవరు పోయినారో."

"తొమ్మిది తర్వాత ఆమె ఏం చేసింది? అదన్నా గుర్తుండాదా?"

"జనం వాంతులు చేసుకుంటాండారని తెలిసినాక పాకం గిన్నె కాడికి పోయింది. పాకం కలిపే కట్టె చేతికి తీసుకొని వాసన చూసింది. దాన్ని బట్టీలో పారేసింది. ఆ తర్వాత పెరట్లోకి పోయి కొంచేపటికి వచ్చింది."

"కట్టె ఏందది?"

"పచ్చి తంగేటి కట్టె. తోలు తీసి, దాంతోనే పాకం కలపాల. పువ్వుకు తోడు కట్టె కూడా ఉంటేనే బన్నుకు ఆ వాసన వస్తాది. ప్రతిసారీ కొత్త కట్టె."

పెరడు పది అడుగుల జాగా. కొళాయి, బొగ్గుల కుప్ప, ప్రహరీ గోడ. గోడవారన రెండు తంగేడు చెట్లు, వాటిని ఒరుసుకుని ఒక పచ్చగన్నేరు. దూరం నుంచి చూస్తే అంతా ఒకటే పసుపు. కొళాయి పక్కన చెక్కిన తోలు ముక్కలు పడి ఉన్నాయి. మారెప్ప ఒకటి తీసి వెలుతురులో చూశాడు. లోపలి వైపు తెల్లగా ఏదో కారి ఎండిపోయి ఉంది. తంగేటి కట్టెకు పాలు రావు. గన్నేరుకు వస్తాయి.

మోకాళ్ళు పట్టుకుపోతున్నా గన్నేరు మొదలు దగ్గర కూలబడి కొమ్మలు పక్కకు తోశాడు. నడుమెత్తున ఒక కొమ్మ తెగి ఉంది. బొటనవేలంత లావు. తెగినచోట నున్నగా, ఏటవాలుగా ఒకే వేటు. చుట్టూ ఎండిన పాలు. కత్తి కోత.

 హనుమక్క చెట్టుకు ఇనుము తగలనివ్వదు. ఇది పెనుకొండలో అందరికీ తెలిసిన సంగతే. కొమ్మయినా వేరయినా చేత్తో విరవాల్సిందే, కత్తి తగిలిన చెట్టు పగబడుతుందని ఆమె నమ్మకం. పదేళ్ళ కిందట మారెప్ప భార్య కామెర్లతో పడుకుంటే, నేలఉసిరి తవ్వడానికి గడ్డపార ఇవ్వబోయినవాణ్ణి కసిరి చేతి వేళ్ళతోనే పెళ్ళగించిన మనిషి ఆమె. చచ్చినా కత్తి పట్టదు. ఈ కొమ్మ కోసింది ఇంకెవరో. దొరికాడు.

"సీలు వేసిన జాగాలో మీకేం పని హెడ్డుగారూ?"

సురేంద్ర వెనక తలుపులో నిలబడి ఉన్నాడు. అతని వెనక ఏసుదాసు. టైము ఒకటీ యాభై.

"మీరు చూడకుండా వదిలేసిన పని సార్" అన్నాడు మారెప్ప. రెండేళ్ళుగా నోట్లో దాచుకున్న మాట అది, బయటికి రాగానే తియ్యగా ఉంది. "సంచి దొరికిందని పెరట్లోకి రాలేదు మీరు. వచ్చుంటే కేసు నిన్ననే తేలిపోయేది."

ఏసుదాసు సురేంద్ర వెనక నుంచి తల అడ్డంగా ఆడించాడు. వద్దు, వద్దు అన్నట్టు. మారెప్ప చూశాడు గానీ పట్టించుకోలేదు. వీణ్ణి కూడా బెదిరించినట్టున్నారు అనుకున్నాడు, అంతే.

"విషం పువ్వులో లేదు సార్, పాకంలో ఉండాది. పాకం పూయని బన్ను తిన్న హనుమక్కకు ఏం కాలేదు. పాకం కలిపింది తంగేటి కట్టెతో కాదు, గన్నేరు కట్టెతో. ఇదిగో తోలు, ఇదిగో పాలు. ఇదిగో కొమ్మ తెగిన చోటు. కత్తితో కోసినారు. హనుమక్క జన్మలో చెట్టుకు కత్తి పెట్టలేదు. కొండ కింద ఏ పల్లెలోనైనా అడగండి. పైగా కట్టె కోసే యాళకు ఆమె ఊర్లోనే లేదు, ఆరూ నలభైకి బస్సు దిగింది. ఏసుదాసు నోటితో చెప్పినాడు."

సురేంద్ర వెటకారం పోయింది. వంగి కొమ్మను చూశాడు, తోలు ముక్కను కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. చెడ్డ పోలీసు కాడు, ఆ సంగతి మారెప్పకు తెలుసు. తను నేర్పిన పిల్లవాడే. దారి చూపిస్తే వదిలిపెట్టడు.

"కళ్ళు మసకన్నది కూడా అబద్ధమే సార్. నా చొక్కా గుండీ దారం చూసిందామె."

"అంటే ఎవరినో కాపాడుతోంది" అన్నాడు సురేంద్ర నెమ్మదిగా.

"బెదిరించినారు సార్."

"బెదిరిస్తే సంచిలోకి గన్నేరు రెక్కలు ఎట్లా వచ్చాయి?"

"ఆ దొంగే ఏసింటాడు" అంటూ మారెప్ప చెట్టును చూపించడానికి చేయెత్తాడు. ఎత్తిన చేయి అక్కడే ఆగిపోయింది.

పైకొమ్మన ఏడెనిమిది పూలు లేవు. రెక్కలు మాత్రమే పోయాయి, పచ్చటి తొడిమలు కొమ్మకే ఉన్నాయి. ఒక్కొక్కటీ గోటితో ఓపికగా గిల్లినట్టుంది. పక్కనున్న తంగేడు కొమ్మల మీద కూడా అవే తొడిమలు, అదే గిల్లు. మామూలు మనుషులు పువ్వును తొడిమతో సహా తెంపుతారు. తొడిమ చెట్టుకు వదిలేది హనుమక్క ఒక్కతే. కాయ కాసేది దాంట్లోనే, చెట్టు కడుపు కొట్టకూడదు అంటుంది. తన మీద నేరం వేసుకోవడానికి విషపు పువ్వు కోసేటప్పుడు కూడా ఆమె చేతికి ఆ అలవాటు పోలేదు.

రెక్కలు సంచిలో వేసింది ఆమే. కట్టె వాసన చూసి గన్నేరని కనిపెట్టింది ఆమే. కట్టెను బట్టీలో కాల్చేసి, పెరట్లోకి వచ్చి, పువ్వు గిల్లి, సంచిలో వేసి, పోలీసుల కోసం కూర్చుంది. బెదిరించినవాడు లేడు. పగబట్టినవాడు లేడు. తెల్లవారక ముందు తెలియక కొమ్మ కోసిన చేయి ఒకటి ఉంది. ఆ చేయి ఎవరిదో, ఎవరి కోసమైతే ఆ ముసలిది తనంతట తాను ఉరికి తల పెడుతుందో, ఆలోచించాల్సిన పనే లేదు. ఈడికి రావద్దను, బస్సుల్లో తిరగొద్దను.

మారెప్ప కొమ్మకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. 

"సార్, నేను పొరబడినా. ఈ కొమ్మ తెగి చాన్నాళ్ళయినట్టుంది. వయసైపోయింది నాకు."

"పాలు ఎండి రెండు రోజులు కూడా కాలేదు. చెట్టు దగ్గర టైము చూడ్డం మీరే నేర్పారు నాకు." సురేంద్ర గొంతులో ఎగతాళి లేదు, అదే భయం వేసింది మారెప్పకు. "ఏసుదాసూ, నిన్న పొద్దున పాకం కలిపింది ఎవరు?"

 ఏసుదాసు కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"నువ్వు చెప్పకపోతే నిన్నే తీసుకుపోవాల్సి వస్తుంది."

"తీసకపోండి సార్" అన్నాడు ఏసుదాసు.

"సార్, ఒక్కమాట వినండి" అన్నాడు మారెప్ప. ఏం చెప్పాలో తెలియదు. ఇన్నేళ్ళ సర్వీసులో ఎందరో తన ముందు ఇట్లాగే ఒక్కమాట అని నిలబడ్డారు. ఆ మాట తర్వాత వాళ్ళ దగ్గర ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు తన దగ్గరా లేదు. మూడింటికి జీపు పోనిచ్చి ఉంటే, ఏ పాపమూ లేని మనిషి జైలుకు పోయేది. ఆపినందుకు ఇంకో పాపమెరుగని ప్రాణం జైలుకు పోబోతోంది. నడుమ నిలబడటానికి మూరెడు జాగా లేదు.

సందులో చెప్పుల చప్పుడైంది. "మామా, ఈడ ఉండావా? స్టేషను కాడ లేవంటే ఇట్ల వచ్చినా" అంటూ భవాని వెనక తలుపులోంచి పెరట్లోకి అడుగుపెట్టింది. ఒక చేత్తో టిఫిన్ క్యారియర్, ఇంకో చేయి నడుముకు ఆనించుకుంది. ఎండకు మొహం కందిపోయింది.

"నువ్వింటికి పో తల్లీ. నేను తర్వాత వస్తా" అన్నాడు మారెప్ప. అంత గట్టిగా ఆమెతో ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆమె కదల్లేదు. సురేంద్ర జేబులోంచి తోలు ముక్క తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. "అమ్మా, నిన్న పాకానికి కట్టె కోసింది ఎవరో నీకేమైనా తెలుసా?"

"నేనే సార్" అంది భవాని. ఆ ప్రశ్న ఎందుకడిగాడో కూడా ఆమెకు తట్టలేదు. "అమ్మకు జ్వరమొచ్చి మొన్న రాలేకపోయింది, పొద్దన్నే వస్తానని బూతుకు ఫోన్ చేయించింది. నాలుగున్నరకు నేనే వచ్చి పాకం కలిపినా. కరెంటు లేదు. పసుప్పచ్చ పూలు తగిల్తే తంగేడే గదా అని చాకుతో కోసకొచ్చినా. చేతికి పాలు అంటుకొని జిడ్డు ఒకపట్టాన పోలేదు. ఎందుకు సార్, ఆ కట్టె కావల్లనా?"

 కొళాయి చుక్క చుక్కగా కారుతోంది. ఏసుదాసు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. సురేంద్ర తోలు ముక్కను మళ్ళీ కాగితంలో జాగ్రత్తగా మడిచాడు.

"దీంతో మా అమ్మ తప్పు లేదని తేల్తాదా సార్?"

"తేలుతుందమ్మా." అతను మారెప్ప వైపు చూడలేదు. "మీ అమ్మను ఇంక కోర్టుకు తీసుకుపోము. నువ్వొకసారి స్టేషనుకు రావాలి, ఇప్పుడు చెప్పిందే అక్కడ చెప్పాలి. జీపు బయట ఉంది."

భవాని మొహం విప్పారింది. నిన్నటి నుంచి ఆ మొహంలో లేని వెలుగు అది. మారెప్ప దగ్గరికి వచ్చి, వంగలేక వంగలేక ఆయన చేయి పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"నువ్వు కనుక్కొంటావని నాకు తెలుసు మామా."

 మారెప్పకు చేయి వెనక్కి తీసుకోవాలన్నా రాలేదు. ఆమే వదిలి, క్యారియర్ రెండో చేతికి మార్చుకుని, సంగటి చల్లారకముందే అమ్మకు పెట్టాలని చెబుతూ అందరికంటే ముందు జీపు వైపు నడిచింది.